4,20,000 పిల్లులు ఎక్కడ?

సంపాదకుడు గారికి,

అయ్యా,

వీధి పిల్లుల గొడవ మీద మీరు పన్నెండు రోజుల కిందట వేసిన వార్త గురించి ఇది. అందులో ఒక జంతుప్రేమికురాలు వాటిని ప్రకృతికి వదిలేయమన్నారు, ఒక పెద్దమనిషి విషం పెట్టమన్నారు, ఒక అధికారి పట్టుకెళ్లి ఊరి బయట వదిలేస్తామన్నారు. ఆలస్యమైనందుకు మన్నించాలి. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను గానీ, వార్త పక్కన పెట్టె కట్టి వేసిన అంకె దగ్గర ఆగిపోయాను. ఒక ఆడపిల్లి, దాని సంతానం కలిసి ఏడేళ్లలో 4,20,000 పిల్లులవుతాయట. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ని. ఈ జవాబు రాసిన పిల్లవాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి, "నాయనా, ఇందులో చచ్చిపోయినవి ఏవీ?" అని అడిగేవాణ్ని.

ఈ అంకె ఏళ్ల తరబడి కరపత్రాల మీద తిరుగుతున్నదే. పుట్టిన ప్రతి కూనా బతికి, పెరిగి, తన వంతు పిల్లల్ని పెడితే తప్ప అంత కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో పరిశోధకులు 169 వీధి పిల్లి కూనల్ని గమనిస్తే, ఆరు నెలలు నిండకుండానే 127 చనిపోవడమో కనిపించకుండా పోవడమో జరిగింది. నాలుగింట మూడు వంతులు. మీ పెట్టెలోని అంకె తప్పని తేలిందని సంబరపడక్కర్లేదు. లక్షల పిల్లులు మనకు కనబడకపోవడానికి కారణం, పుట్టినవి పుట్టినట్టే పోతున్నాయి. "ప్రకృతికి వదిలేయండి, అదే సర్దుకుంటుంది" అని మీ వార్తలో అన్న జంతుప్రేమికురాలికి చెబుతున్నాను: అమ్మా, ఆ సర్దుకోవడం ఇదే. కళ్లకు పుసులు పట్టి, చక్రాల కింద పడి, కుక్కల నోట పడి సర్దుకుంటుంది. రోజూ తిండి పెట్టడం దయే, కాదనను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండా తిండి మాత్రమే పెడితే మాత్రం ఆ నాలుగింట మూడు వంతుల లెక్కకు మరిన్ని కూనల్ని అందించినట్టే.

ఇక విషం పెట్టాలన్న పెద్దమనిషి సంగతి. పేరు వేయకపోవడం మీ మంచితనం. విషానికి పిల్లి, కుక్క, కాకి, పసిపిల్ల అన్న తేడా తెలియదు. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క మాత్రం నిజం, పిల్లుల వల్ల పక్షులు పోతున్నాయి. అమెరికాలో ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని పిల్లులు చంపుతున్నాయని 2013లో అంచనా వేశారు. అందులో ఎక్కువ భాగం యజమానులు లేని పిల్లుల పనే. పిల్లుల మేలు కోరే మన పక్షం వాళ్లు ఈ మాట వినగానే చెవులు మూసుకుంటారు. నేను మూసుకోను.

చంపి వదిలించుకున్న చోట్లూ ఉన్నాయి. దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ దీవిలో 1949లో ఎలుకల కోసం అయిదు పిల్లుల్ని దింపారు. 1977 నాటికి అవి సుమారు 3,400 అయ్యాయి, సముద్రపక్షుల్ని లక్షల్లో తిన్నాయి. వైరస్ వదిలారు, రాత్రిళ్లు తుపాకులతో వేటాడారు, బోన్లు పెట్టారు, విషమూ పెట్టారు. చివరి పిల్లి పోయేసరికి 1991 వచ్చింది. మనుషులు కాపురముండని దీవికే, చుట్టూ సముద్రం కాపలా ఉండగా, పద్నాలుగేళ్లు పట్టింది. మన వీధి చుట్టూ ఏముంది? ఇంకో వీధి.

అధికారి గారి పరిష్కారం అక్కడే బోల్తా కొడుతుంది. పట్టుకెళ్లి ఊరి బయట వదిలేస్తారట, అది మానవీయమైన పద్ధతట! రెండేళ్ల కిందట మా వీధిలో ఈ మానవీయత జరిగింది. పొద్దున్నే బండి వచ్చింది, దొరికినవాటిని గోనెసంచుల్లో కట్టుకుపోయింది. అందులో పాలిచ్చే తల్లి ఒకటి ఉందని ఎవరూ చూడలేదు. మా మెట్ల కింద దాని కూనలు రెండు రాత్రులు అరిచాయి. మూడో రాత్రి అరుపు లేదు. నాలుగు నెలలు తిరిగేసరికి వీధిలో మునుపటికన్నా రెండు పిల్లులు ఎక్కువే ఉన్నాయి, అన్నీ కొత్త ముఖాలు. చెత్తకుండీ మూత లేకుండా అక్కడే ఉంది, గోడల సందులు అక్కడే ఉన్నాయి. ఖాళీ అయిన చోటుకి పక్క వీధి గండుపిల్లులు రాక ఏం చేస్తాయి?

ఇది మా వీధి వింత కాదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో రెండు చోట్ల అప్పుడప్పుడూ కొన్ని పిల్లుల్ని తీసేసి చూశారు. తగ్గాల్సింది పోయి ఒకచోట 75 శాతం, మరోచోట 211 శాతం పెరిగాయి. అక్కడ పెత్తనం చేసే పిల్లులు పోవడంతో బయటివి లోపలికి వచ్చి ఉంటాయని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. 2015లో అచ్చైన సంగతి ఇది, రహస్యమేమీ కాదు. అధికారులు చదవొచ్చు. చదవడం కూడా ఉద్యోగంలో భాగమనుకునే రోజులు ఒకప్పుడు ఉండేవి.

మరి పట్టి, ఆపరేషన్ చేసి, అయిందని గుర్తుగా చెవి కొన కాస్త కత్తిరించి, పట్టిన చోటే వదలడం పనిచేస్తుందా? చేస్తుంది, సగంలో ఆపకపోతే. ఫ్లోరిడాలో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పదకొండేళ్లు ఈ పని చేశారు; 1996లో 68 ఉన్న పిల్లులు 2002 నాటికి 23కి తగ్గాయి. ఈ లెక్క చెప్పేవాళ్లు రెండో సగం మింగేస్తారు. అక్కడ మొత్తం మీద చూసిన 155 పిల్లుల్లో దాదాపు సగాన్ని ఇళ్లవాళ్లు పెంచుకోవడానికి తీసుకెళ్లారు. అంటే కత్తి ఒక్కటే చేసిన పని కాదది, పెంచుకునే ఇళ్లు కూడా దొరకాలి. పెద్దయ్యేదాకా మనిషి చెయ్యి తగలని పిల్లి ఇంట్లో ఇమడదు, కూనగా కొద్ది వారాల వయసున్నప్పుడే మచ్చిక చేయాలి. "షెల్టర్ కట్టిస్తాం" అనే నాయకులకు ఇది ఎవరైనా చెబితే బాగుండు. మచ్చిక కాని పిల్లికి షెల్టరంటే జైలే.

అసలు కిటుకు శాతంలో ఉంది. ఆడపిల్లికి నాలుగు నెలల వయసుకే కడుపు రావచ్చు, కూనలకు పాలిస్తుండగానే మళ్లీ రావచ్చు. పది మగవాటిలో తొమ్మిదింటికి ఆపరేషన్ చేసినా, మిగిలిన ఒక్క గండుపిల్లి వీధి మొత్తానికి చాలు. కాబట్టి ఊరంతా తలా రెండు పిల్లులకు చేస్తే ఫలితం సున్నా. ఒక వీధి తీసుకుని, అందులో పదింట ఎనిమిదికి తక్కువ కాకుండా, ఆడవాటితో మొదలుపెట్టి, కొన్ని నెలల్లోనే ముగించి, కొత్తగా వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టాలి. అప్పుడు రెండో వీధి. మన ఆఫీసు పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. ఏడాదికి ఇన్ని ఆపరేషన్లు అని టార్గెట్, ఫొటో, శాలువా. ఎన్ని పిల్లులు ఉన్నాయో లెక్కపెట్టకుండా ఎన్నింటికి చేశామో చెప్పడమంటే, హారం లేకుండా భిన్నం రాయడం. ఎనిమిదో తరగతిలోనే సున్నా వేసేవాణ్ని.

రాత్రిపూట అరుపులు, గోడలకు కంపు అని ఫిర్యాదు చేసినవాళ్లు కూడా ఒకటి గమనించాలి. ఆ అరుపులూ కొట్లాటలూ చాలావరకు జత కోసమే. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. వాళ్లకు కావలసిందీ జంతుప్రేమికులకు కావలసిందీ ఒకే బోనులో ఉంది. బోను పెట్టడం కూడా బ్రహ్మవిద్య కాదు. ముందురోజు తిండి ఆపి, వాసన వచ్చేది ఏదైనా లోపల పెట్టి, తలుపు పడగానే గుడ్డ కప్పేస్తే పిల్లి నెమ్మదిస్తుంది. పొట్ట కింద పాలు చేరి ఉన్నాయేమో చూసుకుని, ఉంటే ముందు కూనలెక్కడున్నాయో వెతకాలి. దీనికి గోనెసంచీ పనికిరాదు, కాస్త ఓపిక కావాలి.

ఇంటి పిల్లిని ఆపరేషన్ లేకుండా తిరగనిచ్చి, అది ఈనగానే కూనల్ని అట్టపెట్టెలో తెచ్చి మా చెత్తకుండీ పక్కన వదిలిపోయే గౌరవనీయుల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

మా వీధి లెక్క చెబుతాను. మొత్తం పదకొండు పిల్లులు. నాలుగింటికి చెవి కొన కత్తిరించి ఉంది, రెండిళ్ల వాళ్లు సొంత ఖర్చుతో చేయించారు. మిగతా ఏడింటికి ఆపరేషన్లు చేయించమని, అయిదు బోన్లు అద్దెకైనా ఇవ్వమని సంతకాలతో దరఖాస్తు ఇచ్చాం. పారిశుధ్యం వాళ్లు పశువైద్యం వాళ్ల దగ్గరికి, వాళ్లు ఆరోగ్యం వాళ్ల దగ్గరికి పంపారు. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు, మా ఫైలు మూడో ఇంట్లో ఉంది. మొన్న అడిగితే "పరిశీలనలో ఉందండీ" అన్నారు.

పిల్లికి కడుపు తొమ్మిది వారాలు. మా దరఖాస్తుకు ఇవాళ్టికి పదకొండు. మేం సంతకాలు పెట్టిన రోజుకి కడుపుతో లేని పిల్లి కూడా ఈలోపు ఈనేసింది. నాలుగు కూనలు, మా మెట్ల కిందే ఉన్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు