టవరు కూలాక మాట ఎలా చేరుతుంది?

సంపాదకులకు నమస్కారం.

తుపానుల కాలం వస్తోందంటే మా కోస్తా జిల్లాల్లో హడావుడి మొదలవుతుంది. కలెక్టరేట్లలో సమీక్షలు జరుగుతాయి, కంట్రోల్ రూమ్ నంబర్లు ప్రకటిస్తారు, శాఖకో వాట్సాప్ గ్రూపు పుట్టుకొస్తుంది. మీ జిల్లా పేజీల్లో ఆ నంబర్లన్నీ వరసగా అచ్చవుతాయి. నేను వాటిని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే రకాన్ని. అయినా ప్రతిసారీ ఒకటే సందేహం: టవర్లు పడిపోయాక ఈ నంబర్లకు ఫోను చేసేది దేనితో?

నేను టెలిఫోన్ల శాఖలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. ఒకప్పుడు కరెంటు పోయినా ఫోను మోగుతుంటే జనం వింతగా చూసేవారు. అందులో వింతేమీ లేదు. ఎక్స్ఛేంజీ వెనక గదిలో 48 వోల్టుల బ్యాటరీల బారు, పెరట్లో డీజిల్ జనరేటరు. ఆ బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటరు పోయడం, నట్లకు పట్టిన పచ్చటి చిలుము గీకడం నా ఉద్యోగంలో చాలా భాగం. ఆ గదిలోంచి వచ్చాక చొక్కాకు ఆమ్లం వాసన రెండు ఉతుకులకు గానీ పోయేది కాదు. ఎక్స్ఛేంజీ లాంటి కేంద్రాన్ని నిలబెట్టడమే పనిగా బతికాను కాబట్టి అలాంటి కేంద్రం దేనికి కూలుతుందో కూడా నాకు బాగా తెలుసు. బ్యాటరీ కొన్ని గంటలు ఆదుకుంటుంది, తర్వాత డీజిల్ కావాలి, డీజిల్ రావాలంటే రోడ్డు ఉండాలి, రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు జరిగింది అదే. గంటకు 170 కిలోమీటర్లు మించిన గాలికి కరెంటు స్తంభాలు, చెట్లు, హోర్డింగులు కలిసికట్టుగా నేలకు ఒరిగాయి. ఫోను చేతిలో ఉంది, ఛార్జింగూ ఉంది, సిగ్నల్ గీతలే లేవు. పక్క వీధిలో ఉన్న మా అక్క ఎలా ఉందో తెలుసుకోవడానికి పడిపోయిన చెట్ల కొమ్మలు తొక్కుకుంటూ వెళ్లవలసి వచ్చింది. ఆమె చేతిలోనూ ఫోను ఉంది. ప్రతి సెల్‌ఫోనులోనూ ఒక ట్రాన్స్‌మిటరు, ఒక రిసీవరు ఉంటాయి. కానీ పక్క వీధిలోని రెండు ఫోన్లు నేరుగా పలకరించుకోలేవు. గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఊరి కరణంగారి ద్వారానే ఉత్తరాలు రాసుకోవాలన్న కట్టుబాటు లాంటిది ఇది. కరణంగారు మంచం పడితే ఊరంతా మూగబోవాల్సిందే.

ఇన్నేళ్ల తర్వాత ఈ పాత సంగతి ఎత్తడానికి కారణం ఉంది. ఈ మధ్య మా అపార్ట్‌మెంటు సంఘం వాచ్‌మన్ల కోసం ఫోనులో పనిచేసే వాకీటాకీ యాప్ ఒకటి తీసుకుంది. తెర మీద గుండ్రటి ఎర్ర మీట, నొక్కితే పీప్ అనే చప్పుడు, వదిలితే ఇంకో చప్పుడు. చూడడానికి అచ్చం వాకీటాకీయే. అమ్మిన కుర్రవాడు మా సమావేశంలో నిలబడి ‘తుపాను వచ్చినా ఇది మీకు తోడుంటుంది సార్’ అన్నాడు. అతన్ని ఏమీ అనలేదు, పాపం అతనికి ఎవరో అలాగే చెప్పి పంపి ఉంటారు. సమావేశం అయ్యాక మాత్రం సంఘం కార్యదర్శిగారిని పక్కకు పిలిచి ఒక పరీక్ష చూపించాను.

రెండు ఫోన్లలో మొబైల్ డేటా ఆపేసి వైఫై మాత్రం ఉంచాం. రూటరుకు బయటి నుంచి వచ్చే ఫైబరు తీగ ఊడదీశాను. రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద, ఒకే రూటరు ముందు, జానెడు దూరంలో ఉన్నాయి. మీట నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఎందుకంటే గేటు దగ్గరి వాచ్‌మన్ ‘ట్యాంకు నిండింది, మోటారు ఆపు’ అంటే ఆ మాట ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు వెళ్లి, అక్కడి నుంచి తిరిగి మా పంపు గదికి రావాలి. దీనికీ కారణం ఉంది. ఫోను కంపెనీలు వేలమంది చందాదారులను ఒకే బయటి చిరునామా వెనక దాచి ఉంచుతాయి. ఒక ఫోనుకు ఇంకో ఫోను ఎక్కడుందో నేరుగా తెలియదు, మధ్యవర్తి చెప్పాలి. రోజువారీ పనికి ఈ ఏర్పాటు అద్భుతంగా ఉంటుంది, అమెరికాలో ఉన్న మా అబ్బాయితో మాట్లాడేది ఇలాగే. కాదనను.

ఆ తీగ అలాగే ఊడి ఉండగా ఇంకో రకం యాప్ తెరిచాను. అది సర్వరును అడగదు. మాటను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి ఆ వైఫైలో ఉన్న అందరికీ ఒకేసారి విసిరేస్తుంది, వినేవాడు వింటాడు. ఖాతా లేదు, పాస్‌వర్డు లేదు. బల్ల మీది రెండో ఫోను ఠక్కున పలికింది. కార్యదర్శిగారి ముఖం వెలిగింది. వెంటనే రూటరు స్విచ్ కట్టేశాను, ఆ వెలుగూ పోయింది. ఇంటర్నెట్టు లేకపోయినా నడిచే ఈ పద్ధతి ఒక భవనం లోపల, రూటరుకు ఇన్వర్టరు ఉన్నంతసేపు, నిజంగా పనికొస్తుంది. ఆసుపత్రులు, హాస్టళ్లు, కల్యాణ మండపాలవారు దీన్ని గమనించాలి. గేటు దాటితే మాత్రం ఇదీ చాలదు.

అప్పుడు నా రేడియో సెట్టు తీశాను. నేను లైసెన్సు ఉన్న హ్యామ్‌ని, అంటే పరీక్ష రాసి అనుమతి తెచ్చుకున్న అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌ని. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య మాకు కేటాయించిన బ్యాండులో, మధ్యలో మాటను అందుకుని మళ్లీ పంపే రిపీటరు యంత్రం ఏదీ లేకుండా, టెర్రస్ మీది నుంచి పిలిస్తే ఊళ్లోని మరో హ్యామ్ మిత్రుడు పలికాడు. ఆయన గొంతు ఆయన యాంటెన్నా నుంచి నా యాంటెన్నాకు, అంతే. దారిలో ఇద్దరికీ చెందని యంత్రం ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. 2019 జులైలో ఆపిల్ సంస్థ తన వాచీలోని వాకీటాకీ సదుపాయాన్ని కొంతకాలం ఆపేసింది. అవతలివారి ఫోనును చాటుగా వినే వీలున్న లోపం బయటపడడమే కారణం. ఆపడం సబబే. కానీ ఒక కంపెనీ నిర్ణయంతో లోకంలోని వాచీలన్నీ ఒకేసారి మూగబోగలవన్నది గుర్తుంచుకోండి. నా మిత్రుడి సెట్టును ఆపాలంటే ఆయన ఇంటికి వెళ్లి బ్యాటరీ పీకాలి.

సెట్టు మీద నాకు భ్రమలేమీ లేవు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు వినడమే, మధ్యలో అడ్డు తగలడం కుదరదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సిగ్నలే వినిపిస్తుంది, లేదా గీమంటుంది. ఎవరైనా సెట్టును మీట నొక్కుకుపోయేలా కుర్చీలో పెట్టి దాని మీదే కూర్చుంటే ఆ ఛానలంతా ఆయనదే. రహస్యం అసలు ఉండదు. చూపు ఆనే దారిలో మాత్రమే మాట సాగుతుంది. సింహాచలం కొండ అడ్డం కాబట్టి అవతల అడవివరంలో ఉన్న మిత్రుడికి నా చేతి సెట్టు చేరదు. అప్పుడు మధ్యలో ఎత్తు మీద ఉన్న మూడో మనిషి నా మాట విని, అదే మాటను తన నోటితో అవతలికి అందిస్తాడు. మా హ్యామ్‌లకు ఇది నిత్యం అలవాటే. సర్వరు చేయాల్సిన పని ఇక్కడ మనిషి చేస్తాడు. అతను పడిపోతే ఇంకొకడు అందుకుంటాడు.

వీటన్నిటికంటే పెద్ద లోపం సెట్టులో కాదు, వాడే చేతిలో ఉంటుంది. కొత్తవారు మీట నొక్కుతూనే మాట మొదలుపెడతారు, దాంతో మొదటి అక్షరాలు తెగిపోతాయి. మాట పూర్తికాకుండానే వదిలేస్తారు, అది ఇంకా ప్రమాదం. మనం వద్దన్న సంగతి వాక్యం చివర చెబుతాం కదా. ‘లిఫ్టు వాడవద్దు’ అన్నది ‘లిఫ్టు వాడ...’ దగ్గర తెగితే అవతలి మనిషి ఏం చేస్తాడు? మా వాచ్‌మన్‌కు సెట్టిచ్చి నేర్పించినప్పుడు ఇదే జరిగింది. నేను నేర్పింది ఇంతే: నొక్కు, ఒక శ్వాస ఆగు, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి మామూలు గొంతుతో చెప్పు, ‘ఓవర్’ అని అప్పుడు వదులు. ఒక సాయంత్రంలో పట్టుబడింది. ఉపద్రవం మీద పడ్డ నాడు మాత్రం ఎవరికీ పట్టుబడదు.

మా ఫిషింగ్ హార్బరులో మరబోట్లు నడిపే సరంగులకు ఈ క్రమశిక్షణ మనకంటే ఎక్కువ. నడిసముద్రంలో సెల్‌ఫోనుకు టవరెక్కడిది? ఒక మరబోటు ఇంకో మరబోటును వీహెచ్ఎఫ్ అనే రేడియో సెట్టులో నేరుగానే పిలుస్తుంది. ఆపదకు, తొలి పిలుపుకు ప్రపంచమంతటా 16వ ఛానలు, అంటే 156.8 మెగాహెర్ట్జ్. అక్కడ పిలిచి, కబుర్లకు వేరే ఛానలుకు మారాలి. ఒడ్డునున్న మనకు అలాంటి ఉమ్మడి ఛానలు ఉందా, ఉంటే మన పంచాయతీలో ఎవరికి తెలుసు?

చట్టం సంగతి. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులకు నోటీసులిచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయో, లైసెన్సు కావాలో వద్దో చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు. మంచి పని చేసింది. చౌకగా దొరికే కొన్ని దిగుమతి సెట్లు పోలీసుల, అత్యవసర సేవల ఫ్రీక్వెన్సీల మీద కూడా కూయగలవు, పిల్లల బొమ్మల పక్కన పెట్టి అమ్మే వస్తువు కాదు అది. కానీ ఆ వార్త చదివిన మా సంఘం సభ్యులకు అర్థమైంది ‘వాకీటాకీ ఉంటే కేసు’ అని మాత్రమే. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే, ఆమోదం పొందిన సెట్లకు 2018 నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదని వారికి ఎవరూ చెప్పలేదు. కాలనీకి, జాతరకు, తుపాను షెల్టరు ఆవరణకు ఇవి సరిపోతాయి. అంతకంటే దూరం కావాలంటే అనుమతి తీసుకోవాలి, లేదా హ్యామ్ పరీక్ష రాయాలి. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాయవచ్చు.

పోలీసులకు వైర్‌లెస్ ఉంది కదా అనేవారున్నారు. ఉంది, వారి పని వారికే సరిపోతుంది. షెల్టరులో ఉన్న ఆశా కార్యకర్త చేతిలో అది లేదు. హ్యామ్‌లను పిచ్చివాళ్ల కింద జమకట్టేవారూ ఉన్నారు, మా ఇంట్లోనే ఒకరు. వారికి 2004 గుర్తు చేస్తాను. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడడానికి ఆ డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. వారు అక్కడ ఉండగానే 26న సునామీ వచ్చింది. సరదాకు తీసుకెళ్లిన ఆ సెట్లే అండమాన్ నుంచి ప్రధాన భూభాగానికి బాధితుల కబుర్లు మోశాయి.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి తుపాను షెల్టరు పైకప్పు మీద ఒక ఇనుప గొట్టం పాతి యాంటెన్నా బిగించాలి. కింద ఒక సెట్టు, దానికో కారు బ్యాటరీ, నింపడానికి సోలార్ పలక ఉండాలి. అనుమతులు ప్రభుత్వమే తీసుకోవాలి, ఊరి సర్పంచిని ఢిల్లీ కాగితాల చుట్టూ తిప్పవద్దు. ఊరికి ముగ్గురు నలుగురికి మీట నొక్కి మాట్లాడడం నేర్పి, నెలకోసారి పక్క ఊరిని పిలిపించాలి. బీరువాలో పెట్టి తాళం వేసిన సెట్టు ఎలాగూ అక్కరకు రాదు, బ్యాటరీ ఉబ్బిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఇంజనీరింగు కళాశాలలు హ్యామ్ క్లబ్బులు పెడితే నేర్పేవారికి కొరత ఉండదు. నాలాంటి రిటైరైనవాళ్లం పిలిస్తే వస్తాం, టీ ఇస్తే చాలు.

ఇదంతా అవసరమా అనుకునే అధికారులు తదుపరి సమీక్షా సమావేశంలో ఒక చిన్న పని చేసి చూడాలి. హాల్లోని వారందరూ, మండలాల్లోని సిబ్బంది కూడా ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. తర్వాత ఏదో ఒక తీర గ్రామం షెల్టరు నుంచి మండల కార్యాలయానికి ఒక్క వాక్యం పంపించాలి: ‘ఇక్కడ నిండు గర్భిణి ఉంది, అంబులెన్సు కావాలి.’ పది నిమిషాల గడువు ఇవ్వండి. చేరితే నేను ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను. చేరకపోతే కొనాల్సిన సామగ్రి జాబితా ఆ హాల్లోనే రాసుకోవచ్చు, నేను కాగితం తెస్తాను.

- ఒక విశ్రాంత టెలిఫోన్ టెక్నీషియన్, మురళీనగర్, విశాఖపట్నం