2025 వార్షిక నివేదిక: పాత బందరు సాయంకాలపు నడక వివరాలతో

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదిలో సంఘం చేసిన పనులు సర్వసభ్య సమావేశం ముందు పెట్టడం నిబంధనల ప్రకారం కార్యదర్శి విధి. పోయినేడు నేను నివేదిక చదువుతుండగానే సగం మంది టిఫిన్ల వైపు లేచి వెళ్ళారు. అందుకే ఈసారి ముందే అచ్చు వేయించి ఇంటింటికీ పంపుతున్నాను. దయచేసి చదివి రండి.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్ళీ రాయడం లేదు. ఉగాదికి పంచాంగ శ్రవణం జరిగింది. వేసవిలో కోనేరు సెంటర్లో చలివేంద్రం నలభై రోజులు నడిపాం. ఆగస్టు 2న పింగళి వెంకయ్య గారి జయంతి, నవంబర్ 24న పట్టాభి సీతారామయ్య గారి జయంతి యథావిధిగా చేశాం. వినాయక చవితికి మట్టి విగ్రహాలు పంచాం. కంటి పరీక్షల శిబిరానికి డాక్టర్లు వచ్చారు, పేషంట్లు వచ్చారు, కుర్చీలు వేస్తామన్న వాళ్ళు రాలేదు. అధ్యక్షుల వారే లుంగీ ఎగగట్టి కుర్చీలు మోశారు. ఈ కార్యక్రమాలకు చందాలిచ్చిన వారికి, షామియానా ఉచితంగా వేసిన సభ్యుడికి, మజ్జిగ పోసిన బచ్చుపేట మహిళలకు సంఘం తరఫున ధన్యవాదాలు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం నడక. సాయంత్రం పూట పాత ఊళ్ళోని చోట్లు తిరుగుతూ, అక్కడ చనిపోయినవాళ్ళ కథలు చెప్పే ఈ కార్యక్రమాన్ని యువజన విభాగం వాళ్ళు ‘గోస్ట్ వాక్’ అన్నారు. కార్యవర్గం ‘పాత బందరు సాయంకాలపు నడక’ అని తీర్మానించింది. ఊళ్ళో మాత్రం ‘దెయ్యాల నడక’ అనే పేరే నిలిచింది. షుగరు ఉన్నవాళ్ళకి మంచిదేనా అని ఇద్దరు ఫోన్ చేసి అడిగారు కూడా.

మొదట నవంబర్ 1 అనుకున్నాం. ఆ తేదీ ఎందుకో కొత్త సభ్యుల కోసం చెబుతాను. 1864 నవంబర్ 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. పోటు నీటి మట్టం కంటే పదమూడు అడుగులు పైకి లేచిన ఉప్పెన అది. పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి సుమారు 30,000 మంది పోయారని ఆనాటి రికార్డులు చెబుతాయి. ఆ రోజునే నడవాలని పోస్టర్లు కూడా వేయించాం. ఇంతలో అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందు నుంచే తుపాను హెచ్చరికలతో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, లోతట్టు వాళ్ళని పునరావాస కేంద్రాలకు చేర్చారు. కూలిన చెట్ల మధ్య దెయ్యాల కథలేమిటని నడకను నవంబర్ 15, 16 తేదీలకు మార్చాం. పోస్టర్ల డబ్బు నీళ్ళలో పోయినట్టే. తుపాను రోజుల్లో పులిహోర పొట్లాలు కట్టిన పదకొండు మంది సభ్యులకు ప్రత్యేక కృతజ్ఞతలు. వాళ్ళలో ఎవరూ కార్యవర్గ సభ్యులు కారు. ఎందుకు గుర్తు చేస్తున్నానో కార్యవర్గానికి తెలుసు.

తేదీ మారిందో లేదో ఇంకో చిక్కు. కార్తీక మాసంలో దీపాలు పెట్టుకోక దెయ్యాల పేరెత్తుతారా అని పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. శివుడు ఉండేది శ్మశానంలోనే కదా, ఆయన పేరే భూతనాథుడు కదా అని మన ఉపాధ్యక్షురాలు సమాధానం చెప్పడంతో సద్దుమణిగింది. అభ్యంతరం చెప్పిన వారిలో ముగ్గురు రెండో రోజు మనవల్ని వెంటబెట్టుకుని వచ్చారు.

నడక డచ్చి సమాధుల దగ్గర మొదలైంది. చీకటి పడితే అక్కడ గేటు మూస్తారు కనుక అయిదింటికే అందరినీ రమ్మన్నాం. డచ్చివాళ్ళు బందరులో వర్తకానికి దిగింది 1606లో. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, వాళ్ళ తరవాత ఫ్రెంచివాళ్ళు. వచ్చిన వాళ్ళలో చాలామంది జ్వరాలకి ఇక్కడే రాలిపోయారు. ఆ రాళ్ళ మీద చెక్కిన వంశ చిహ్నాలనీ డచ్చి అక్షరాలనీ మనలో ఎంతమంది దగ్గరగా చూశామో చేతులెత్తమంటే, బందరులోనే పుట్టి పెరిగిన వాళ్ళలో నలుగురు ఎత్తారు. మన సభ్యుడైన రిటైర్డు చరిత్ర లెక్చరరు గారు అక్కడ చెప్పిన మాట అందరికీ నచ్చింది. వలందాలంటే హాలండు వాళ్ళు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని రోజూ ఆటోవాడికి మనం చెప్పే చిరునామాలన్నీ చచ్చిపోయిన వర్తకుల పేర్లే. వేరే దెయ్యాలని వెతుక్కోవడం ఎందుకన్నారాయన.

అక్కడి నుంచి సెయింట్ మేరీస్ చర్చికి వెళ్ళాం. మధ్యలో కొంత దూరం ఆటోలు ఎక్కాం కాబట్టి ‘నడక’ అనడం కొంత అతిశయోక్తే. చర్చి పెద్దలు పెట్టిన షరతు ఒక్కటే: లోపల దెయ్యం అనే మాట రాకూడదు. అందుకని కథ బయటే చెప్పి, లోపలికి తలవంచుకుని వెళ్ళి, సమాధి రాయి చూసి వచ్చాం. వారికి మా ధన్యవాదాలు.

ఆ కథ మీకందరికీ ఎంతో కొంత తెలుసు. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి జాన్ పేటర్ అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయిని ప్రేమించాడు. 1809లో ఆమె చనిపోయింది. పాదిరీ శ్మశానంలో చోటివ్వనంటే పేటర్ సొంతంగా నేల కొని ఆమెను అక్కడ పూడ్చాడనీ, ఆ సమాధి మీదే చర్చి కట్టించాడనీ చెబుతారు. శవం చెడకుండా మందులు పూయించి అద్దం మూత ఉన్న పెట్టెలో ఉంచాడనీ, మీట నొక్కితే పెట్టె పైకి లేచేదనీ, ఆయన వచ్చి చూసుకునేవాడనీ కూడా చెబుతారు. ఈ మీట దగ్గరే మన గైడ్లకూ లెక్చరరు గారికీ రిహార్సల్లో గొడవ జరిగింది. రాయి మీద ఉన్నదే చరిత్ర, మిగతాదంతా ‘అట’ అని చెప్పాలన్నది ఆయన పట్టు. ‘అట’ అంటే ఎవరు భయపడతారండీ అన్నది డిగ్రీ మూడో ఏడాది చదువుతున్న మన గైడు వాదన. చివరికి మీట ఉంచి, రాత్రిళ్ళు తెల్ల గౌనులో తిరుగుతుందన్న ముక్క తీసేశాం. తీసేసినా ఒక పిల్లవాడు అడగనే అడిగాడు, ఆవిడకి తెలుగు వచ్చా అని. రెండు వందల ఏళ్ళ నుంచి ఇక్కడే ఉంది కదా, వచ్చే ఉంటుంది అన్నాడు గైడు. ఆ రోజు పడ్డ పెద్ద నవ్వు అదే.

గైడ్ల గురించి నాలుగు మాటలు రాయాలి. ముగ్గురు పిల్లలు, ఇద్దరమ్మాయిలు, ఒకబ్బాయి, రెండు నెలలపాటు ప్రతి ఆదివారం లెక్చరరు గారి అరుగు మీద కూర్చుని నేర్చుకున్నారు. మైకు వద్దనుకున్నారు. మైకు పెడితే వినాయక చవితి పందిరవుతుంది, చెవి దగ్గర చెప్పినట్టుంటేనే భయం అన్నది వాళ్ళ లెక్క. ఒకరు లాంతరు పట్టుకుని ముందు నడిచారు. నిజం కిరోసిన్ లాంతర్లే కావాలని పట్టుబట్టారు గానీ కిరోసిన్ ఎక్కడా దొరకక బ్యాటరీ లాంతర్లతో సరిపెట్టాం. ఒకరు వెనక ఉండి తలలు లెక్కపెట్టారు. మూడో గైడు పని రోడ్డు దాటించడం. పాత ఊళ్ళో రాత్రి ఏడింటికి దెయ్యం కంటే మోటారుసైకిలే ప్రమాదం.

ఈ సందర్భంలో వీధి దీపాల ఊసెత్తక తప్పదు. నడిచే దారిలో తొమ్మిది స్తంభాలకు దీపాల్లేవని సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలు ఇచ్చాం. మూడోసారి వెళితే, మీది దెయ్యాల కార్యక్రమం కదండీ, చీకటుంటేనే బాగుంటుంది కదా అన్నారు. అర్జీల నకళ్ళు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రెండో రోజు రాబర్ట్‌సన్‌పేటలో కథ మంచి పట్టు మీద ఉండగా ఊరంతా కరెంటు పోయింది. అదీ మన ఏర్పాటే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఎవరికీ చెప్పొద్దని కోశాధికారి గారు సైగ చేశారు. ఇప్పుడు చెప్పేశాను.

నోబుల్ కాలేజీ గోడ పక్కన నిలబెట్టి, 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ గారి గురించి క్లుప్తంగా చెప్పించాం. ఆయన ఉప్పెన కళ్ళారా చూసి మరుసటి ఏడు ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. బందరు కోట దాకా వెళ్దామని యువకులు చాలా గొడవ చేశారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు ఆ కోటని ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నది రాత్రిపూట దాడితోనే కనుక కథకి కరువు లేదు. కానీ కోట ఊరికి దూరం, దారిలో దీపాలు లేవు, పాములున్నాయి. కార్యవర్గం ఒప్పుకోలేదు. సరైన నిర్ణయమే.

చివరి మజిలీ ఒక సభ్యురాలి ఇంటి అరుగు. ఎనభై దాటిన ఆ పెద్దావిడ కుర్చీలో కూర్చుని, తమ ఇంట్లో తాతల నాటి నుంచి చెప్పుకునే 1864 రాత్రి గురించి చెప్పారు. ముందు గాలి, తరవాత చీకట్లో ఏదో పెద్ద బండి వస్తున్నట్టు చప్పుడు, ఆ తరవాత నీళ్ళు. ఇంటిల్లిపాదిలో అటక మీదికి ఎక్కించిన ఇద్దరు పిల్లలే మిగిలారట. తెల్లవారాక బావుల నిండా ఉప్పునీళ్ళే, తాగడానికి చుక్క లేదు. ఇప్పటికీ వాళ్ళింట్లో బియ్యం డబ్బా అటక మీదే ఉంటుంది, చూపించారు. కోడలు రోజూ నిచ్చెన ఎక్కి దించాలి. ఇందులో దెయ్యం లేదు. అయినా పిల్లలెవరూ కదల్లేదు. లాంతరు పట్టుకున్న గైడు చెప్పాల్సిన ముగింపు మాటలు చెప్పకుండా ఊరుకుంది. ఆ అమ్మాయి మరిచిపోయిందని కొందరు ఫిర్యాదు చేశారు. మరిచిపోలేదు, నేనే పక్కనున్నాను.

లెక్చరరు గారు మాత్రం ఒక మాట చేర్చారు. ఆ 1864లోనే అక్టోబరులో కలకత్తాని, నవంబరులో బందరుని ఉప్పెనలు ముంచాయి. వాతావరణ శాఖ పుట్టింది 1875లో, ఆనాటి తుపాన్లు నేర్పిన పాఠం అందుకు ఒక కారణం. మొన్న మన ఫోన్లు అన్నిసార్లు మోగింది అందుకేనన్నారు.

1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనను కథల్లో చేర్చాలని ఒక ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అప్పుడు శవాలు మోసినవాళ్ళు మన సభ్యుల్లోనే ఇద్దరున్నారు. సొంతవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు వారానికోసారి మన బజార్లోనే కూరలు కొనుక్కుంటున్నారు. నూట అరవై ఏళ్ళ నాటి వాళ్ళ గురించి లాంతరు పట్టుకుని చెప్పవచ్చు, వీళ్ళ గురించి చెప్పకూడదు. వచ్చే కార్యవర్గం కూడా ఈ తీర్మానాన్ని పాటించాలని మినిట్స్‌లో రాయించాను.

రెండు రోజులకీ కలిపి 75 మంది వచ్చారు, అందులో 20 మంది పిల్లలు. స్వచ్ఛందంగా పనిచేస్తామని వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవారు ఇరవై ఆరుగురు, సాయంత్రం అయిదింటికి వచ్చినవారు తొమ్మండుగురు. వచ్చినవారిని పేరు పేరునా వేదిక మీద సత్కరిస్తాం. రానివారికి పెళ్ళిళ్ళున్నాయని తరవాత తెలిసింది. ఒకే రోజు అన్ని పెళ్ళిళ్ళు ఎలా కుదిరాయో పంతులు గారిని అడగాలి. ఆటోలు సగం కిరాయికే నడిపిన అన్నదమ్ములకు, చివర్లో అందరికీ బందరు లడ్డూ పంచిన మిఠాయి కొట్టు వారికి, ఇంటికెళ్ళగానే కాళ్ళు కడుక్కోమని పిల్లలకి చెప్పి పంపిన అమ్మమ్మలకీ కృతజ్ఞతలు.

జమాఖర్చులు: పెద్దలకు మనిషికి 50 రూపాయల చొప్పున నడక మీద 2,750 వచ్చింది, ఖర్చు 4,180 అయింది. లోటు 1,430 రూపాయలు అధ్యక్షుల వారూ కోశాధికారి గారూ చెరిసగం భరించారు. మిగతా పద్దులు ఆడిటరు సంతకంతో జతచేసిన పట్టికలో ఉన్నాయి. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

వార్షిక చందా బకాయిలున్నవారు సమావేశం రోజునే చెల్లించి రసీదు తీసుకోగలరు. యువజన విభాగానికి కొత్త కన్వీనరు కావాలి, ఆసక్తి ఉన్నవారు చీటీ మీద పేరు రాసివ్వండి, వాట్సాప్‌లో వేలెత్తితే చెల్లదు. నడక కోసం సంఘం కొన్న టార్చిలైట్లలో మూడు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. సమావేశానికి వచ్చేటప్పుడు సెల్స్‌తో సహా తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి