ఇంకొకరి పాటలు పాడబోతున్న నా బిడ్డకు

బిడ్డా,

ఒక కవి పాటలు తీసుకుని ఆల్బమ్ చేస్తున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. "సొంత పాటలు లేకనా?" అని ఎవరో అన్నారట, నువ్వు టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

జోన్ బాయెజ్ అని అమెరికా జానపద గాయని ఉంది. 1968 చివర్లో ఆమె 'ఎనీ డే నౌ' అనే డబుల్ ఎల్పీ, అంటే రెండు పెద్ద రికార్డుల ఆల్బమ్, తెచ్చింది. 16 పాటలు, అన్నీ బాబ్ డిలన్ రాసినవే. సొంతంగా పాటలు రాసి పాడే అమెరికా గాయకుడు, 2016లో సాహిత్యానికి నోబెల్ వచ్చింది, ఆ డిలనే. 1963లో అతని పేరు ఇంకా జనంలోకి పూర్తిగా పోలేదు. అప్పటికే పేరున్న ఆమె తన కచేరీలకు అతన్ని వెంటబెట్టుకుపోయి, తన కోసం వచ్చిన జనం ముందు నిలబెట్టి పాడించింది. ఇద్దరూ ప్రేమించుకున్నారు, 1965లో దూరమయ్యారు. ఆ తర్వాత మూడేళ్లకు వచ్చిందీ ఆల్బమ్. మనిషితో తెగిపోయినా పాటతో తెంచుకోలేదు. ఆమెలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

రికార్డింగ్ అమెరికాలోని నాష్‌విల్‌లో జరిగింది. డిలన్ రికార్డులకు డ్రమ్స్ కొట్టిన కెన్నెత్ బట్రీ, స్టీల్ గిటార్ వాయించిన పీట్ డ్రేక్ ఆమెకూ వాయించారు. మాటలు అతనివి, వాయించే చేతులు కూడా కొన్ని అవే. అయినా పాటలు వేరే మనిషివి అయిపోయాయి.

'నార్త్ కంట్రీ బ్లూస్' విను. డిలన్ పెరిగింది మిన్నెసోటాలోని హిబ్బింగ్‌లో, ఇనుప గనుల ఊళ్లో. 22 ఏళ్ల వయసులో ఆ పాట కట్టాడు. అందులో మాట్లాడేది ఒక ఆడమనిషి. గనికి పోయిన అన్న తిరిగి రాలేదు, అంతకుముందు తండ్రీ అంతే. గని కార్మికుణ్ణి పెళ్లాడి ముగ్గురు పిల్లల్ని కన్నది. మొదట పని సగానికి తగ్గింది. తర్వాత గనే మూసేస్తున్నామన్నారు. దక్షిణ అమెరికాలో దాదాపు ఊరికే పనిచేసే కూలీలు దొరుకుతారు, అక్కడి ఖనిజం చవక అని కారణం చెప్పారు. మొగుడు తాగుడుకు పడి, మాట మానేసి, ఒకరోజు వెళ్లిపోయాడు. ఇక పిల్లలు కూడా ఎదగ్గానే పోతారని ఆమెకు తెలుసు, ఆ ఊళ్లో వాళ్లను పట్టి ఉంచేది ఏమీ లేదు.

నేనూ గనిలోకి, అదే మన బాయిలోకి, దిగినవాణ్ణి. మన బాయి మూసేస్తారని నోటీసు బోర్డు మీద కాగితం పడ్డ రోజుల్లో ఇంటింటా నడిచిన మాటలు నాకింకా గుర్తు. మగవాళ్లం గేటు దగ్గర మీటింగులు పెట్టుకున్నాం. ఇంట్లో బియ్యం డబ్బాలోకి తొంగి చూసుకున్నది మీ అమ్మలాంటి వాళ్లు. డిలన్ పాడినప్పుడు ఆ తల్లి కథ మనకు ఇంకొకరు చెప్తున్నట్టు ఉంటుంది. బాయెజ్ పాడినప్పుడు ఆ తల్లే గడప మీద కూర్చుని తన గోడు తానే చెప్పుకున్నట్టు ఉంటుంది. పాట అసలు మనిషి దగ్గరికి చేరింది. రాసినవాడు ఎంత గొప్పవాడైనా ఆ పని తన గొంతుతో చేయలేడు. "సొంత పాటలు లేకనా" అన్నవాళ్లకు ఈ పాట వినిపించు.

ఇంకొకటి 'టియర్స్ ఆఫ్ రేజ్'. మాటలు డిలన్‌వి, బాణీ 'ది బ్యాండ్' అనే బృందంలో పాడే రిచర్డ్ మాన్యుయెల్‌ది. ఎత్తుకుని పెంచిన కూతురు తమను కాదనుకుందని కన్నవాళ్లు పడే బాధ. బాయెజ్ ఆల్బమ్ వచ్చిన 1968లోనే మాన్యుయెల్ తన బ్యాండ్‌తో పాడాడు, ఆర్గాన్, హారన్లు అన్నీ పెట్టి. బాయెజ్ మొత్తం తీసేసింది. ఉత్త గొంతు. వియత్నాం యుద్ధం మీద ఇళ్లలో తండ్రులూ పిల్లలూ మాట్లాడుకోని కాలమది. ఆమె యుద్ధాన్ని ఎదిరించి జైలుకు పోయి వచ్చిన మనిషి, ఆమె భర్త సైన్యంలో చేరనని జైలుకు సిద్ధంగా ఉన్నాడు. అంటే ఆమె పిల్లల పక్షం. అలాంటి మనిషి కన్నవాళ్ల బాధను, కింద ఏ వాయిద్యం ఆసరా లేకుండా పాడింది. అది విన్నాక నేను చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అన్నీ అలా కుదిరాయని అనను. 11 నిమిషాల 'శాడ్ ఐడ్ లేడీ' ఆమె తీపి గొంతులో నాకు సాగదీసినట్టే అనిపించింది. డిలన్ గొంతులోని గరుకు ఆ పాటకు కావాలి. నువ్వూ చూసుకో. ఆ కవి రాసిన వాటిలో నీకు బాగా నచ్చినవన్నీ నీ గొంతుకు పడకపోవచ్చు. నీ నోట కొత్తగా పలికేవే ఎంచు. ఆయన పాడిన రికార్డు మాటలు కంఠతా వచ్చేవరకు విను, తర్వాత కొన్నాళ్లు దాని జోలికి పోకు. లేకపోతే ఆయన ఊపిరి పీల్చిన చోటే నువ్వూ పీలుస్తావు. చరణాలు మాత్రం కత్తిరించకు.

ఆయన ఎక్కడా రికార్డు చేయని పాటలు కూడా వెతుకు. డిలన్ రాసి తన ఆల్బమ్ దేంట్లోనూ పెట్టని 'లవ్ ఈజ్ జస్ట్ ఎ ఫోర్ లెటర్ వర్డ్' జనానికి దక్కింది బాయెజ్ వల్లే. ఇక సొంత పాటంటావా, డిలన్‌ను తలుచుకుని ఆమె రాసుకున్న 'డైమండ్స్ అండ్ రస్ట్' 1975లో వచ్చింది. అంటే ఆ ఆల్బమ్ వచ్చిన ఏడేళ్లకు, అతని పాటలు నోట బాగా నానిన తర్వాతే.

పాటల లిస్టు ఖరారు కాగానే నాకు పంపు. కవర్ మీద ఆయన పేరు నీ పేరంత పెద్దగా వేయించు. తండ్రి బిడ్డతో మాట్లాడే పాట ఒకటి ఉందన్నావు కదా, మీ వాళ్లు పాతకాలందని వద్దంటున్నారని కూడా అన్నావు. దాన్ని తీసెయ్యకు. డప్పు లేకుండా ఒకసారి పాడి చూడు.

నీ బాపు