ముక్కునీళ్ల కరపత్రం దిద్దిపెట్టినవాళ్లకు కృతజ్ఞతలు

దెబ్బేదీ తగలకుండానే ముక్కులోంచి మెదడునీరు, అంటే సీఎస్‌ఎఫ్, కారే జబ్బు గురించి తెలుగులో వేసిన కరపత్రం ప్రింటుకు వెళ్లింది. చిత్తుప్రతిని ఎర్రసిరాతో నింపి పంపిన అందరికీ దండాలు. ఎవరు ఏం దిద్దారో, ఎందుకు దిద్దారో చెప్తేనే ఆ రుణం కొంతైనా తీరుతుంది.

ముందుగా ఈఎన్‌టీ డాక్టరుగారికి. ‘పుర్రె ఎముక పలచబడి చిల్లు పడుతుంది’ అని రాసి ఊరుకున్నాం. ఎందుకు పలచబడుతుందని అడిగి, జవాబు ఆయనే రాసిచ్చారు. పెద్దవాళ్లలో ఈ నీరు ఏ సమయంలోనైనా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. ఊరినదంతా రక్తంలోకి ఇంకకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి ముక్కు పైకప్పులోని జల్లెడ ఎముక, ముక్కు వెనక లోతుగా ఉండే గాలిగది (స్ఫినాయిడ్ సైనస్) పక్కగోడ, చెవి పైకప్పు అరుగుతాయి. బరువెక్కువున్న నడివయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. నిద్రలో ఊపిరాగే గురక జబ్బూ తరచుగా తోడుంటుంది. చెవి కప్పుకు చిల్లు పడితే నీరు కర్ణభేరి వెనక చేరి చెవి దిబ్బడేస్తుంది. మామూలు చెవినీరే అనుకుని కర్ణభేరికి గ్రోమెట్ అనే చిన్న గొట్టం వేస్తే ఇక ధార ఆగదు.

ల్యాబ్ టెక్నీషియన్ అక్కకు రెండు దండాలు. షుగర్ స్ట్రిప్‌తో ఇంట్లోనే తేల్చుకోవచ్చని రాస్తే అడ్డంగా కొట్టేసింది. ఈ నీట్లోనే కాదు, కన్నీళ్లలోనూ చీమిడిలోనూ గ్లూకోజు ఉంటుంది, రక్తం కలిస్తే స్ట్రిప్ మరీ మోసం చేస్తుంది. రుమాలు గుర్తు మాత్రం ఉంచింది: చీమిడి ఎండితే గుడ్డ గంజిపెట్టినట్టు బిరుసెక్కుతుంది, ఈ నీరు ఎండినా మెత్తగానే ఉంటుంది. ఒక్క ముక్కులోంచే కారడం, వంగితే టపటపా రాలడం, గొంతులో ఉప్పగా తగలడం, అలర్జీ మాత్రలకు లొంగకపోవడం కూడా అనుమానించాల్సిన గుర్తులే. తేల్చేది మెదడునీటి గుర్తయిన ప్రొటీన్ కోసం చేసే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష. కుర్చీలో కూర్చుని తల బాగా ముందుకు వంచి, మూతున్న శుభ్రమైన ఖాళీ సీసాలోకి బొట్లు నేరుగా పట్టాలి. ఒక మిల్లీలీటరు దొరికితే చాలావరకు సరిపోతుంది. సెలైన్ కలవకూడదు. పేరు, తేదీ, ఏ వైపు ముక్కో రాసి, చల్లగా ఉంచి త్వరగా అందించాలి. ఆ పరీక్ష చేస్తారా, ఎంత నీరు కావాలి అని ల్యాబుకు ముందే ఫోన్ చేయమన్నదీ ఆవిడే.

రేడియాలజీవాళ్లు చేర్పించింది ఒక్క ముక్క. ‘తల సీటీ’ అని కాదు, ఒక మిల్లీమీటరు లోపు పొరలతో పుర్రె అడుగుభాగం సీటీ అని చీటీలో ఉండాలి. ఎంఆర్‌ఐలో పిట్యూటరీ గ్రంథి గూడు ఖాళీగా కనిపిస్తే ఒత్తిడి పాతదని అనుమానించాలట.

ఎండోస్కోపుతో ముక్కులోంచే వెళ్లి, తొడలోంచి తీసిన పొరతోనో ముక్కు లోపలి పొరతోనో చిల్లు మూస్తారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మొదటిసారే నిలుస్తుంది. ఆ తర్వాతి వారాల జాగ్రత్తలన్నీ నర్సమ్మ చేతిరాతే: ముక్కు చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, తలవైపు ఎత్తు పెట్టుకోవాలి, విరేచనానికి ముక్కొద్దు, బిందె ఎత్తొద్దు, గురక జబ్బుకు నిద్రలో గాలి ఊదే సీప్యాప్ మిషన్ సర్జన్ చెప్పేదాకా పెట్టొద్దు.

మేం పూర్తిగా మరిచిపోయిన సంగతి కంటి డాక్టరుగారు పట్టుకున్నారు. కారుతున్నన్నాళ్లూ ఆ చిల్లే కుక్కర్ విజిల్లా ఒత్తిడిని వదులుతుంటుంది. మూసేశాక ఒత్తిడి పైకొచ్చి తలనొప్పి, చూపు మసక రావచ్చు. అందుకే కంటినరం వాపు చూడాలి, అవసరమైతే ఒత్తిడి తగ్గించే ఎసిటజోలమైడ్ మందు వాడాలి, బరువు తగ్గాలి. లేకపోతే ఇంకోచోట చిల్లు పడొచ్చు. ఇప్పుడు మూడో పేజీ అంతా ఇదే.

జ్వరం, మెడ బిగుసుకోవడం, వాంతులు, మగత వస్తే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, కావచ్చు, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలన్న వాక్యాన్ని లోపలి పేజీలోంచి అట్ట మీదికి లాగిన ప్రూఫ్‌రీడర్ తమ్ముడికీ కృతజ్ఞతలు.