వార్షిక నివేదిక: అరకు క్యాంపు, కొత్త జనరేటరు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని అరకు శీతాకాలపు క్యాంపు. వంట బాధ్యత మోసిన మహిళా విభాగానికి, టెంట్లు ఇచ్చిన దాతలకు, స్థలం ఇచ్చిన రైతుకు, సామాను ఎత్తిన కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. అనుమతి కోసం ఒక కార్యాలయం మమ్మల్ని తిప్పిన తిరుగుడు వేరే చెప్పాలి. బయల్దేరే ముందురోజు సాయంత్రానికి గాని సంతకం పడలేదు.

జనరేటరుకు అంత డబ్బెందుకని కొందరు అడిగారు. మామూలు రకం 50 హెర్ట్జ్ కరెంటు కోసం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూనే ఉండాలి. ఒక్క బల్బు వేసినా అదే రొద. ఇన్వర్టర్ రకం లోడును బట్టి వేగం తగ్గించుకుంటుంది, పెట్రోలూ మిగులుతుంది. మనది ఈ ఇన్వర్టర్ రకమే, సామర్థ్యం 2 కేవీఏ, నిలకడగా ఇచ్చేది 1,600 వాట్లు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మూడు శాతం పైగా శక్తి పడిపోతుంది, అరకు 900 మీటర్ల ఎత్తు. అంటే 1,400 వాట్లకు మించి ఆశపడకూడదు. 9 వాట్ల బల్బులు 30, మైకు సెట్టు 300 వాట్లు, మొత్తం 570. అర హెచ్‌పీ నీళ్ల మోటారు నడిచేటప్పుడు 500 వాట్లే గాని స్టార్టింగులో రెండు మూడింతలు లాగుతుంది. అందుకే చీకటి పడకముందే నీళ్ల ట్యాంకు నింపించి మోటారు తీయించాం. 1,500 వాట్ల కెటిల్ పెట్టి క్యాంపంతా చీకటి చేసినవారెవరో సభకు తెలుసు.

దొంగల భయంతో జనరేటరును టెంట్ల పక్కకు లాగితే పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాలు తీస్తుంది, దానికి వాసన ఉండదు. కనీసం 20 అడుగుల దూరంలో, పొగ టెంట్ల మీదికి రాని దిక్కున ఉండాలి. అంత దూరాన ఉంచాలంటే తాళం గట్టిగా ఉండాలి. 21 కిలోల బరువు ఒక్కడే ఎత్తుకుపోగలడు. హ్యాండిల్‌కు గొలుసు వేస్తే పానాతో బోల్టులు విప్పి, హ్యాండిలూ తాళమూ చెట్టుకే వదిలి మిగతాది పట్టుకుపోతారు. మనదానికి బయటి ఫ్రేమ్ లేదు, ప్లాస్టిక్ తొడుగే. కనుక ఎల్-యాంగిల్ ఇనుప పట్టీలతో నాలుగు వైపులా గాలి ఆడే పంజరం వెల్డింగ్ చేయించాం. గొలుసు 10 మిల్లీమీటర్ల గట్టి ఉక్కుది, పంజరం అడుగు పట్టీలోంచి చెట్టు మొదలు చుట్టూ బిగుతుగా తిప్పాలి. గొలుసు గానీ తాళం గానీ నేలకు ఆనకూడదు. ఆనితే దొంగలు గొలుసు కోసే కట్టర్ ఒక పిడి నేలకు ఆనించి, రెండోదాని మీద ఒళ్లంతా మోపి తెంపేస్తారు.

ఇంజిను చల్లారాకే పెట్రోలు పోయాలి. ఇంటికి చేర్చేముందు పెట్రోలు ట్యాప్ మూసి, దానంతటది ఆగేవరకు నడపాలి. లేకుంటే కార్బురేటరులో మిగిలింది జిగురుకట్టి మరుసటిసారి స్టార్టు కాదు.

రాత్రి కాపలాకు పేర్లు ఇచ్చినవారిలో సగం మంది దుప్పట్లు దాటి రాలేదు. వచ్చినవాళ్లే రెండో వంతూ కాశారు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారు చదువుతారు. క్యాంపు నుంచి రెండు పెట్రోలు డబ్బాలు ఎవరింటికో వెళ్లాయి, దయచేసి కార్యాలయంలో ఇవ్వగలరు.

కార్యదర్శి