రాంబాబుకి, కాఫీ ధర గురించి

మ్యూనిక్,
2023 నవంబరు 9

ఒరేయ్ రాంబాబూ,

మొన్న ఫోన్లో నువ్వో ప్రశ్న అడిగావు, ఈలోగా కొట్లోకి బేరం వచ్చి పెట్టేశావు. "అన్ని దేశాలకీ ఒకటే డబ్బయితే సరుకులు చవకవ్వాలి గానీ, ప్రియం అవడమేంట్రా?" అని. పిల్లల సెలవులకి కారేసుకుని క్రొయేషియా వెళ్ళొచ్చాం. నీ ప్రశ్న దారి పొడవునా నాతోనే ఉంది.

నిరుడు ఆగస్టులో కూడా వెళ్ళాం, గుర్తుందా? స్లొవేనియా దాటి బ్రెగానా సరిహద్దు దగ్గర రెండు గంటలు ఎండలో నిలబడ్డాం, పాస్‌పోర్టు చూపించడానికి. ఈసారి అదే చోట బండి ఆపనే లేదు. ఈ ఏడాది జనవరి 1న క్రొయేషియా ఒకే రోజు షెంగెన్‌లోనూ (అంటే మామూలుగా సరిహద్దుల్లో పాస్‌పోర్టు అడగని దేశాల జట్టు) యూరోలోనూ చేరిపోయింది మరి. యూరో వాడే దేశాల్లో ఇరవయ్యోది. "చూశావా, యూరోప్ అంటే ఇదీ" అని మా ఆవిడతో గొప్పలు పోయాను. తిరుగు దారిలో స్లొవేనియా పోలీసులు ఆపి కాగితాలడిగారు! అక్టోబరు 21 నుంచి వాళ్ళు మళ్ళీ తనిఖీలు పెట్టారట. మా ఆవిడ నవ్వు చూడాల్సింది.

ఇక నీ ప్రశ్న. క్రొయేషియా వాళ్ళ పాత డబ్బు పేరు కూనా. కూనా అంటే ముంగిసలాంటి ఓ అడవి జంతువు. పూర్వం దాని తోలుతోనే పన్నులు కట్టేవారట, అలా వచ్చింది పేరు. ఒక యూరోకి 7.5345 కూనాలని మారకం ఖాయం చేశారు. ఏ కొట్లో చూసినా చీటీ మీద రెండు ధరలూ ఉంటాయి, ఈ ఏడాది చివరిదాకా రెండూ వెయ్యాల్సిందే. నిరుడు అక్కడి రియెకా ఊళ్ళో తాగిన కాఫీ 12 కూనాలు. లెక్క కడితే 1.59 యూరో. అదే కాఫీ ఇప్పుడు 1.80. 59 సెంట్ల చిల్లర ఎవడు లెక్కపెడతాడని గుండ్రం చేసేశారన్నమాట, అదీ పైకి. నువ్వు చిల్లరకి బదులు చాక్లెట్ చేతిలో పెడతావు చూడు, వీళ్ళు ఆ చాక్లెట్ కూడా ఇవ్వలేదు. జనవరిలో గొడవైతే ప్రభుత్వం ఇన్‌స్పెక్టర్లని కొట్ల మీదికి పంపింది.

కానీ తప్పంతా యూరో మీదికి నెట్టకు. యూరో రాకముందే, నిరుడు డిసెంబరులోనే అక్కడ ధరల పెరుగుదల 13 శాతం దగ్గరుంది. మా ఆఫీసులో ఓ క్రొయేషియా ఆయనతో ఈ మాటే అంటే, "కాఫీ రోజూ తాగుతాం, ఫ్రిజ్ రోజూ కొంటామా" అన్నాడు. రోజూ కొనేదాని ధరే మనసుకి తగులుతుందని. ఒప్పుకోక తప్పలేదు.

అసలు కథ అప్పులది. సొంత డబ్బు వదులుకుంటే వడ్డీ రేటు చేతిలోంచి పోతుంది, ఇక ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూరోప్ సెంట్రల్ బ్యాంకు ఎంతంటే అంత. అదేమో నిరుడు జులై నుంచి ఈ సెప్టెంబరు దాకా వరసగా పదిసార్లు పెంచింది. మా ఇంటి లోను ఆలోచన అటకెక్కింది అందుకే. మరి క్రొయేషియా వాళ్ళు యూరోలోకి ఎందుకు దిగారంటావా? కూనా పేరుకే సొంతం. దాచుకునేది యూరోల్లో, ఇళ్ళ బేరాలు యూరోల్లో, అప్పులూ చాలావరకు యూరోల్లోనే. జీతం మాత్రం కూనాల్లో.

మా ఆఫీసాయన ఇంకా ఘనుడు. వడ్డీ తక్కువని 2007లో స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి అప్పు తీసుకున్నాడు. 2015 జనవరి 15న స్విస్ సెంట్రల్ బ్యాంకు తన ఫ్రాంకు విలువ యూరో ముందు మరీ పెరిగిపోకుండా పట్టి ఉంచడం మానేసింది, అది ఒక్కసారిగా ఎగిరింది. ఇతను ఎనిమిదేళ్ళు కట్టాక కూడా, కూనాల్లో చూస్తే తీసుకున్నదానికంటే బాకీయే ఎక్కువ తేలింది! "కాగితం చూసి మా ఆవిడకి చూపించకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను" అన్నాడు. ఆ సెప్టెంబరులో చట్టం తెచ్చి అలాంటి అప్పుల్ని యూరోల్లోకి మార్చుకోనిచ్చారు, బతికిపోయాడు. ఇప్పుడు జీతమూ అప్పూ ఒకే డబ్బులో. కాఫీకి ఇరవై సెంట్లు ఎక్కువిచ్చి రాత్రి నిద్రపోతున్నానంటాడు. నాకైతే ఆ బేరం నచ్చింది. అతని భార్యకి మాత్రం కాఫీ ధర మీద ఇంకా కోపమే.

మా సొరుగులో నిరుటి 200 కూనాల నోటు ఒకటి మిగిలిపోయింది. కంగారు పడ్డాను గానీ, నోట్లయితే వాళ్ళ సెంట్రల్ బ్యాంకు ఎప్పుడు తెచ్చినా మారుస్తుందట, గడువే లేదు. 26 యూరోల చిల్లర వస్తుంది. అది వినగానే, మన నోట్ల రద్దు గడువు దాటిన నెలకి మీ అమ్మగారి బియ్యం డబ్బాలో దొరికిన నాలుగు ఐదొందలు గుర్తొచ్చాయిరా. ఇంకా దాచారా అవి?

నీ
సత్తిగాడు