వేదిక చెక్క కింద ఏముందో చూడండి

సంపాదకులకు,

పాత ఆడిటోరియాలకు కొత్త హంగులు అనగానే సీట్లు, కార్పెట్, లైట్ల లెక్క మొదలవుతుంది. వాటితోపాటు హాలు వినికిడి కూడా మారిపోతుందన్న ఊసు టెండరు కాగితాల్లో అరుదు.

న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ చరిత్ర చూడండి. 1891లో చైకోవ్‌స్కీ స్వయంగా సంగీతం నిర్వహించగా తెరుచుకున్న హాలు అది. 1960లో కూల్చివేత దాకా వచ్చి, వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ పూనికతో నిలిచింది. 1986లో భారీగా బాగుచేశాక మునుపటి నాదం పోయిందని రసికులు గొడవపెట్టారు. వేదిక కింద కాంక్రీటు ఉందా లేదా అన్న వాదన ఏళ్లపాటు నడిచింది. చివరికి 1995లో చెక్క విప్పితే కాంక్రీటు బయటపడింది, తీసేశారు.

మన రవీంద్ర భారతి 1961లో, టాగోర్ శతజయంతి ఏట, సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా మొదలైంది. నాటకం, కూచిపూడి, కచేరీ, సన్మాన సభ అన్నీ అక్కడే. (సన్మాన సభకు మాత్రం ఏ హాలైనా సరిపోతుంది.) కూచిపూడి అడుగుకు చెక్క దూలాల మీద పరిచిన, కింద గాలి ఆడే నేల కావాలి. కాంక్రీటు మీద చాప పరిచి ఆడిస్తే మడమలు, మోకాళ్లు దెబ్బతింటాయి. వానాకాలం తేమకు చెక్క ఉబ్బి లేస్తుంది, చెదలు పడతాయి. అందుకే కాంట్రాక్టర్లకు కాంక్రీటు మీద మోజు. గోడ పక్కన 10 మిల్లీమీటర్ల సందు వదిలి, చెదల మందు పట్టించిన కలప వాడితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఇక కార్పెట్. ఆగిన శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి, అంటే హాలులో దాని మోత సద్దుమణగడానికి, పట్టే కాలాన్ని లెక్కగట్టే సూత్రం అమెరికా భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబీన్ ఇచ్చింది: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే మొత్తంతో (హాలులోని గోడలు, సీట్లు, జనం అన్నీ కలిపి ఎన్ని చదరపు మీటర్లు శబ్దాన్ని పూర్తిగా మింగినట్టో ఆ అంకెతో) భాగించాలి. 6,000 ఘనపు మీటర్ల హాలులో ఆ మొత్తం 800 చదరపు మీటర్లయితే 1.2 సెకన్లు వస్తుంది. కర్ణాటక కచేరీకి హాయైన అంకె. అందులో 400 చదరపు మీటర్ల మందపాటి కార్పెట్ వేశారనుకుందాం. పై స్థాయుల్లో (సన్నని స్వరాల్లో) అది సగం శబ్దాన్ని మింగుతుంది, కాలం 0.97కు పడిపోతుంది. కింది స్థాయుల్లో (బొంగురు స్వరాల్లో) మింగేది 5 శాతమే, అక్కడ 1.18 దగ్గరే ఆగుతుంది. అంటే తంబుర జీవం, వయొలిన్ మెరుపు పోయి మృదంగం తొప్పి (ఎడమవైపు మంద్రంగా పలికే ముఖం) మోత మాత్రం మిగులుతుంది. గాయకుడు తన గొంతు తనకు వినపడక మానిటర్ (తనవైపు తిప్పి పెట్టిన స్పీకరు) పెంచమంటాడు, ఆ శబ్దం తిరిగి మైకులోకి దూరి కుయ్యిమంటుంది. తిట్లు మైక్‌సెట్ కుర్రాడికి!

కాబట్టి పని మొదలుపెట్టే ముందు, ముగిశాక ఆ కాలాన్ని కొలవాలి. బెలూన్ పగలగొడితే ఉజ్జాయింపు అంకె వస్తుంది. గట్టి లెక్కకు స్పీకరు నుంచి 125 నుంచి 4,000 హెర్ట్జ్ దాకా స్వరం పంపి, కనీసం ఆరు సీట్ల దగ్గర రికార్డు చేయాలి. రేకు కుర్చీల ఖాళీ హాలు అంకెను నమ్మకూడదు, జనం నిండితే అది బాగా తగ్గుతుంది. గుడ్డ సీట్లకు ఆ తేడా తక్కువ. ఏసీ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి రొద కూడా కొలవాలి. ఈ అంకెలన్నీ టెండరులోనే రాసి, అవి తేలేదాకా చివరి బిల్లు ఆపాలని సాంస్కృతిక శాఖకు మా విన్నపం.

— కచేరీ హాళ్ల సౌండ్ ఇంజనీర్లు, చిక్కడపల్లి, హైదరాబాద్